ఏడు దెబ్బల పాట

‘నాన్నా, నువ్వు వింటుంటావే ఆ ఇంగ్లిషు పాటలు... అందులో తప్పకుండా వినాల్సినవి ఓ అయిదారు రాసివ్వవూ!’

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు సెలవుకు అనంతపురం వచ్చి అలా అడిగేసరికి ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది. గోడకున్న క్యాలెండరులోంచి పోయిన నెల కాగితం చించి, వెనకవైపు రాయడానికి కూర్చున్నారు.

విద్యుత్తు శాఖలో ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన దగ్గర ఓ రేకుపెట్టె ఉంది. దాన్నిండా క్యాసెట్లే. 1985లో ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకునేటప్పుడు హాస్టల్లో గదిమిత్రుడిది బెంగళూరు. ఇంటికెళ్లినప్పుడల్లా వాళ్లన్నయ్య రికార్డుల నుంచి పాటలు ఎక్కించి తెచ్చేవాడు. ఖాళీ క్యాసెట్టు మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి!

ప్రోగ్రెసివ్ రాక్... 1960ల చివర్లో ఇంగ్లండులో ఊపిరి పోసుకున్న బాణీ అది. మూడు నిమిషాల ప్రేమపాటలతో తృప్తిపడని కుర్రాళ్లు రాక్ సంగీతంలోకి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ జాజ్‌నూ తెచ్చి కలిపారు. ఒక్కో పాటనూ పావుగంట, ఇరవై నిమిషాలు నడిపించారు. కొందరైతే రికార్డు మొత్తాన్నీ ఒకే కథలా అల్లారు.

జాబితాలో మొదటిది కింగ్ క్రిమ్సన్ బృందం 1969లో తెచ్చిన ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’. అయిదే పాటలు. అట్ట మీద నోరు తెరిచి అరుస్తున్న ఎర్రటి ముఖం. ఆ బొమ్మ వేసిన బారీ గాడ్బర్ మరుసటి ఏడాదే, ఇరవై నాలుగేళ్లకే కన్నుమూశాడు.

రెండోది యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, 1972. మూడే పాటలు. మొదటిది రికార్డులో ఒక వైపంతా పరుచుకుంది. దానికి ప్రేరణ హెర్మన్ హెస్ నవల ‘సిద్ధార్థ’. ఆ తర్వాతి ఏడాది ఇదే బృందం నాలుగు పాటలతో రెండు రికార్డులు నింపింది. దానికి మూలం ఎక్కడుందో తెలుసా? మన ఇళ్లలోనూ కనిపించే పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లోని ఓ అధోసూచికలో!

మూడోది జెత్రో టల్ వారి ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’, 1972. రెండు వైపులా కలిపి ఒకటే పాట... నలభై నిమిషాల పైమాటే. దాని అట్టను ఏకంగా పన్నెండు పేజీల దినపత్రికలా అచ్చేశారు. వార్తలన్నీ కల్పితాలే!

నాలుగోది అదే ఏడాది వచ్చిన జెనెసిస్ బృందం ‘ఫాక్స్‌ట్రాట్’. అందులో చివరి పాట సుమారు 23 నిమిషాలు.

అయిదోది పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, 1973. అమెరికాలో అమ్మకాల పట్టికలో 1988 దాకా 741 వారాలు కనిపించిన ఆల్బమ్ అది. ఆ పేరు రాశాక ఆయన కలం ఆగిపోయింది.

‘ఏమైంది నాన్నా?’

‘దీని వెనక రెండు మేకలున్నాయమ్మా’ అన్నారు ఆయన.

మెస్ బిల్లు పెరిగిందట!

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతుకు ఈడ్చే నేల అది. ధర్మవరం దగ్గరి పల్లెలో వాళ్లకున్నది వేరుశనగ పండే మెట్టచేనే. ఆ ఏడు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. సరిగ్గా అప్పుడే ఆయన ఇంటికి ఉత్తరం రాశారు... మెస్ బిల్లు పెరిగింది, మరో రెండొందలు పంపమని. బిల్లేమీ పెరగలేదు. నాయన నాలుగు మేకల్లో రెండింటిని సంతకు తోలి డబ్బు పంపాడు. ఆ డబ్బుతో ఎనిమిది ఖాళీ క్యాసెట్లు వచ్చాయి.

సెలవులకు ఇంటికెళ్లాక ఆ సంగతి తెలిసింది. కొట్టంలో రెండు గుంజలు ఖాళీగా ఉన్నాయి. నోరు పెగల్లేదు.

ఓ రాత్రి వసారాలో, అరువు తెచ్చుకున్న టేప్‌రికార్డరులో పింక్ ఫ్లాయిడ్ మోగుతోంది. నాయన వాకిట్లో మంచం మీద పడుకున్నాడు. ఊళ్లో చెక్కభజన నేర్పే గురువు ఆయన. టేపు సగం దాటాక ‘మనీ’ పాట మొదలైంది. నాణేల గలగల, గల్లాపెట్టె తెరిచిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు... వాటినే తాళంగా పేర్చిన పాట అది. డబ్బుల శబ్దం వినేసరికి గుండె జారి, ఆయన టేపు ఆపేశారు.

‘ఏమ్రా, యాల ఆపితివి?’ చీకట్లోంచి నాయన గొంతు.

‘ఊరికే నాయనా.’

‘ఏడు దెబ్బలకు సుట్టు తిరుగుతాండాది. తకిట తకధిమి, తకిట తకధిమి. ఎవుర్రా వాళ్లు?’

‘ఇంగ్లండోళ్లు నాయనా.’

‘పెట్టు. ఆటను సగంలో ఆపగూడదు.’

మళ్లీ పెడితే, నాయన లేచి కూర్చుని మోకాలి మీద వేళ్లతో లెక్క వేశాడు. గిటారు అందుకోగానే ‘ఇదో, నాలుగుకు దిగినాడు’ అన్నాడు. చివర్లో ‘మళ్లా ఏడుకొచ్చె సూడు!’ అని నవ్వాడు. నిజమే. ఏడు మాత్రల్లో నడిచే ఆ పాట గిటారు దగ్గర నాలుగుకు మారి, మళ్లీ ఏడుకే వస్తుంది. కాలేజీలో ఎవరూ పట్టుకోని సంగతి అది.

‘ఇంగ్లిషు రాదు కదా, విసుగు రాలేదా నాయనా?’ అని అడిగితే ‘నిమ్మలకుంట వాళ్లు తోలుబొమ్మలు ఆడిస్తే తెల్లారేదాకా కూర్చునేవాళ్లం. ఇదేం లెక్క?’ అన్నాడు. కాసేపాగి ‘ఇట్లాంటివి ఎన్ని టేపులుండాయి?’ అన్నాడు.

‘ఎనిమిది.’

నాయన వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. ‘అన్నీ వినిపీ’ అని మళ్లీ నడుం వాల్చాడు. 2003లో పోయేదాకా మేకల ఊసెత్తలేదు. కొడుకూ చెప్పుకోలేకపోయాడు.

కూతురు కాసేపు మాట్లాడలేదు. ‘తాతకు తెలుసు నాన్నా’ అంది చివరికి.

ఆయన తలూపి, ఆరోది రాశారు. ‘డ్రీమ్’, 1995. కింగ్ క్రిమ్సన్ రికార్డు వచ్చిన 1969లోనే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ఆల్బమ్. 1975లో జెనెసిస్‌ను వదిలిన గాయకుడు పీటర్ గాబ్రియేల్ నెలకొల్పిన రియల్ వరల్డ్ సంస్థే దాన్ని విడుదల చేసింది. శ్రీనివాస్ 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ‘ఇది అచ్చంగా ఆ బాణీ కాదు గానీ, ఆ వాకిలికి మన ఊళ్ల నుంచీ దారి ఉందని తెలియాలి కదా’ అన్నారు ఆయన.

కాగితం అడుగున ఇంకో వాక్యం చేర్చారు... ‘వరుస మార్చకుండా, మొదటి నుంచి చివరిదాకా వినాలి.’

ఫోనులో పాటలను ముప్ఫై సెకన్లకోసారి దాటేసే అమ్మాయి, ఆ రాత్రి అయిదో ఆల్బమ్ పెట్టి ఫోనును మంచం మీద బోర్లించింది. నాణేలు గలగలమన్నాయి. మోకాలి మీద ఏడు లెక్క పెట్టడం మొదలెట్టింది. గిటారు దగ్గర తడబడింది.

‘నాలుగమ్మా, నాలుగు’ అన్నారు ఆయన.