గొడ్డలి మీద పేరు

మా చిన్నతనంలో గొడ్డలి ఎవరు చేశారని ఊళ్లో ఎవరూ అడిగేవారు కాదు. కొలిమి ఊరి చివరే ఉండేది. మొద్దుబారితే చేసినవాని దగ్గరికే పట్టుకెళ్లేవాళ్లం. కాని చేసినవాడు ఎక్కడో, కొన్నవాడు ఎక్కడో అయినచోట ఇనుము మీది ముద్రే సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యాన్ని ఎలా వినాలో కనెక్టికట్ రాష్ట్రంలో మా తమ్ముడి ఇంట ఉన్న రోజుల్లో నేర్చుకున్నాను.

పక్కింటి పెద్దావిడ భర్త పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ, ఆయన పనిముట్లు అమ్మకానికి పెట్టారు. అందులో తుప్పు పట్టిన గొడ్డలి ఒకటి ఉంది. "ఎవరు చేసినదో తెలిస్తే కాస్త ధర పలుకుతుందట, చూసిపెట్టండి" అని మా తమ్ముడిని అడిగారు. ఆవిడకు డబ్బు అవసరమని మాకు తెలుసు.

తమ్ముడి కొడుకు వెంటనే కరెంటుతో తిరిగే సానరాయి తెచ్చాడు. వద్దన్నాను. తుప్పుతోపాటు అక్షరాలూ పోతాయి. కిరసనాయిలులో తడిపి, మెత్తని బ్రష్షుతో రుద్ది, సుద్ద పూసి తుడిచి, టార్చిలైటు పక్కనుండి ఏటవాలుగా వేశాము. గుంటల్లో నిలిచిన సుద్ద తెల్లగా మెరిసింది. "కాలిన్స్ అండ్ కో., హార్ట్‌ఫర్డ్" అని ఉంది.

ఈ పేరు వెనుక పెద్ద కథే ఉంది. సామ్యుల్ కాలిన్స్, ఆయన సోదరుడు డేవిడ్, మరొక బంధువు కలిసి 1826లో ఫార్మింగ్టన్ నది ఒడ్డున ఈ పని ఆరంభించారు. అంతకుముందు గొడ్డలి కొన్నవాడే దానికి పదును పెట్టుకోవలసి వచ్చేది. వీరు సానపట్టి, వాడుకకు సిద్ధంగా అమ్మారు. కర్మాగారం చుట్టూ వెలసిన ఊరికి కాలిన్స్‌విల్ అని పేరు వచ్చింది. ముద్ర మీద హార్ట్‌ఫర్డ్ అని ఉన్నా, గొడ్డలి పుట్టినది ఈ ఊళ్లోనే. 1966లో కంపెనీ మూతపడింది.

పేరు దొరికింది కదా, పని అయిపోయిందనుకోకూడదు. కాలిన్స్ ముద్రకు ఎంత గిరాకీ అంటే, ఇతరులు తమ సరుకు మీద ఆ పేరే కొట్టి అమ్మేవారు. కంపెనీ ఇంగ్లండులో దావా వేసింది. విదేశీ కంపెనీ అయినా తన ముద్ర కోసం దావా వేయవచ్చని అక్కడి న్యాయస్థానం 1857లో తేల్చింది. తరువాత కంపెనీ తన సరుకు మీద "లెజిటిమస్" అనే లాటిన్ మాట కూడా వేసుకొన్నది. అసలైనది అని దాని భావం.

కనుక పేరు చెప్పినదానికి పనితనం కూడా ఒప్పుకోవాలి. అంచు దగ్గర కొంచెం ఆకురాయి పెట్టి, వెనిగరుతో తుడిచాము. అంచు నల్లబడింది, వెనుక భాగం తెల్లగానే ఉంది. ఒళ్లంతా ఇనుము, అంచుకు మాత్రం ఉక్కు అతికిన పాత పద్ధతి అది. ఉక్కు ఖరీదైన రోజుల్లో అలాగే చేసేవారు. ఎరవు తెచ్చిన గొడ్డలి నీళ్లలో పడినప్పుడు ఎలీషా శిష్యుడు ఎందుకు అంతగా కేక వేశాడో అప్పుడు నాకు మరింత బోధపడింది.

మా అబ్బాయి చీటీ మీద "1826" అని రాయబోయాడు.

"అది కంపెనీ పెట్టిన సంవత్సరంరా, గొడ్డలి చేసినది కాదు" అన్నాను.

"పెదనాన్నా, ఆవిడకు నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయి కదా! ఎవరికి నష్టం?"

"కొనేవాడికి."

వాడు ఆవిడనే అడుగుదామన్నాడు. అడిగాము. ఆవిడ కాసేపు గొడ్డలి వైపు చూసి, "మీకు తెలిసినంతే రాయండి. మా ఆయన పేరున అమ్ముతున్నాను" అన్నారు.

"కాలిన్స్ ముద్ర ఉంది. ఉక్కు అంచు అతికిన పాత పద్ధతి. చేసిన సంవత్సరం తెలియదు" అని రాశాము. కొన్న మనిషి చీటీ రెండుసార్లు చదివి, బేరమాడకుండా అడిగిన ధర ఇచ్చి, చీటీ కూడా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఆ చీటీ గురించి ఆవిడ ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన పని లేదు.

మీ అటకల మీద కూడా తాతలనాటి గొడ్డళ్లు, ఉలులు, బాడిసెలు ఉండవచ్చు. తళతళలాడాలని గరుకు కాగితం అందుకోకముందు వాటిని ఒకసారి వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. కనబడిన పేరును మీ పిల్లల చేత రాయించి ఉంచండి. కనబడనిది మాత్రం రాయనివ్వకండి.