హుగ్లీ తీరాన తెలుగు పేర్లు

కలకత్తా నగరాన్ని చూడబోయే తెలుగువారి యాత్ర సాధారణంగా కాళీఘాట్‌తో మొదలై, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా స్మారక మందిరం మీదుగా సాగి, హౌరా రైల్వేస్టేషనులో ముగుస్తుంది. ఆ స్టేషనుకు దక్షిణంగా కొన్ని మైళ్ళ దూరంలో, హుగ్లీ నది పడమటి ఒడ్డున, శిబ్‌పూర్ అనే చోట ఒక విశాలమైన తోట ఉంది. అది 1787లో నెలకొన్న తోట. దాని విస్తీర్ణం 270 ఎకరాలకు పైమాటే. 2009 నుండి దానికి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు గాని, ఊరివారి నోట అది నేటికీ 'బొటానికల్ గార్డెన్' మాత్రమే. రైలుకు నాలుగైదు గంటల వ్యవధి ఉన్నప్పటికీ అక్కడికి వెళ్ళే తెలుగువారు అరుదు. నిజానికి ఆ తోటను చూడవలసిన కారణం తక్కినవారికంటె తెలుగువారికే ఎక్కువగా ఉన్నది.

ద్వారం దాటి పది నిమిషాలు నడిస్తే చాలు, బస్సుల రొద వెనుకబడుతుంది. ఇరువైపులా మహాగని వృక్షాలు, పొడవాటి తాళజాతి చెట్లు బారులు తీరి ఉంటాయి. తోటలో ఇరవైకి పైగా చెరువులున్నాయి. అవి భూగర్భంలోని గొట్టాల ద్వారా ఒకదానితో ఒకటి కలుస్తాయి. హుగ్లీ నదితోనూ వాటికి సంబంధం ఉంది. కొన్నింటిలో నీరు తేటగా ఉంటుంది. కొన్నింటిని కలుపు మొక్కలు ఆక్రమించాయి. పలకలు ఊడిన బెంచీలు, తుప్పు పట్టిన కంచెలు, ఎవరూ నడవక గడ్డి మొలిచిన బాటలు తోట లోపలి భాగాలలో కనబడతాయి. ఈ కొద్దిపాటి నిర్లక్ష్యం వలన ఒక లాభం లేకపోలేదు. అణువణువునా తీర్చిదిద్దిన తోటలో మనిషి నిలబడి ఫొటో తీయించుకొంటాడు. కొంత విడిచిపెట్టిన తోటలో నడుస్తాడు. కొంగలు, నీటికాకులు, కొలనుగట్టున ఒదిగి కూర్చున్న వృద్ధ దంపతులు, ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే తొందర ఉండదు.

అయితే ఈ మెప్పును మరీ దూరం సాగదీయరాదు. చెట్టుకు కట్టిన రేకు తుప్పుపట్టి, దాని మీది అక్షరాలు చెరిగిపోయినచోట జరిగిన నష్టం సామాన్యమైనది కాదు. ఉద్యానవనాలు అనేకం ఉన్నాయి. వృక్షశాస్త్ర ఉద్యానం మాత్రం పేర్ల మీద నిలబడిన తోట. ప్రతి చెట్టూ ఏదో, ఎక్కడిదో, ఎందుకు పనికివస్తుందో తెలిసి ఉండడమే దాని ప్రత్యేకత. పేరు పోయిన చెట్టు అక్కడ నీడనిచ్చే చెట్టుగానే మిగిలిపోతుంది.

ఈ తోటకు ఆద్యుడు ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి రాబర్ట్ కిడ్. 1770లో బెంగాలును కబళించిన ఘోరక్షామం అప్పటికి ఇంకా జనుల స్మృతిపథం నుండి తొలగలేదు. కరవు కాలంలో ప్రజల కడుపు నింపగల సగ్గుబియ్యపు చెట్టు వంటివాటిని ఇతర దేశాల నుండి తెచ్చి పెంచవలెనని అతడు 1786లో ప్రతిపాదించాడు. కంపెనీ వారికి కరవు కంటె సుగంధద్రవ్యాల వ్యాపారం మీద, ఓడలు కట్టడానికి కావలసిన టేకు మీద ఆసక్తి ఎక్కువ. దయ, లాభాపేక్ష ఒకే గుంటలో నాటుకొన్న విత్తనాలన్నమాట. ఆ నేల టేకుకు సరిపడలేదు. అందుకై కేటాయించిన భాగాన్ని తరువాతి కాలంలో కళాశాల నిర్మాణానికి ఇచ్చివేశారు.

1793లో కిడ్ మరణించాడు. అతని స్థానంలోకి వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఇక్కడ కథ హుగ్లీ తీరాన్ని విడిచి గోదావరీ మండలానికి రావలసి ఉంటుంది.

స్కాట్లండు దేశస్థుడైన రాక్స్‌బర్గ్ కంపెనీ వైద్యుడుగా మద్రాసుకు వచ్చాడు. 1781 నుండి కాకినాడ సమీపంలోని సామర్లకోటలో నివసించాడు. పన్నెండేళ్ళపాటు అతని జీవితం తెలుగువారి నడుమ గడిచింది. వైద్యం అతని ఉద్యోగమైతే, మొక్కలు అతని వ్యసనం. అక్కడ మిరియం, నీలి, చెరకు మొదలైనవాటిని పెంచి పరీక్షించాడు. వానలను కొలిచి లెక్కలు వ్రాశాడు. 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారులను పీడించిన కరవును కళ్ళారా చూచి, కొబ్బరి, తాటి, సగ్గుబియ్యపు చెట్లను విరివిగా నాటవలసిందని పాలకులకు వ్రాశాడు. కొండలలోను, పొలాల గట్లమీదను దొరికిన మొక్కలను స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. వాటిలో నుండి ఎంపిక చేసిన 300 చిత్రాలతో, కోరమండల తీరపు మొక్కలను గురించిన అతని గ్రంథం లండనులో 1795 మొదలు మూడు సంపుటాలుగా వెలువడింది.

ఆ గ్రంథంలో లాటిను నామం పక్కన తెలుగు పేరు ఉంటుంది. ఇది తెలింగుల వాడుక అని చెబుతూ, తన చెవికి వినబడిన తీరులో ఇంగ్లీషు అక్షరాలలో అతడు ఆ పేర్లను వ్రాసుకొన్నాడు. ఇప్ప, మోదుగ, తునికి, చిల్ల, ఆకు నలిపితే ఘాటైన వాసన కొట్టే నెమలినార మొదలైన మన పొలిమేరల చెట్లన్నీ ఆ పెద్ద పుటలలో రంగులతో నిలిచాయి. పేరుతోపాటు ప్రయోజనమూ ఉంటుంది. చిల్లగింజను నీటికుండ లోపలి గోడకు అరగదీస్తే బురదనీరు తేరుకొంటుందన్న సంగతిని మన పల్లె స్త్రీలు తరతరాలుగా ఎరుగుదురు. సంస్కృతంలో కతకమనే పేరుతో పూర్వ గ్రంథాలూ దీనిని ఎరుగును. ఆ వంటింటి విద్య రాక్స్‌బర్గ్ కలం ద్వారా పాశ్చాత్య విద్వాంసుల బల్లమీదికి చేరింది. అద్దకపు ఎరుపునకు ఆధారమైన చిరివేరు సంగతీ ఇంతే.

కొన్ని తెలుగు మాటలు ఇంకా ముందుకు వెళ్ళాయి. సోమిద చెట్టు బెరడు జ్వరానికి మందు. సింకోనాకు బదులుగా దానిని వాడవచ్చునేమోనని రాక్స్‌బర్గ్ ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు. అతడు దానిని మహాగని వర్గంలో చేర్చగా, 1830లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని వేరొక ప్రజాతిగా గుర్తించి 'సోయ్మిడా' అని పేరు పెట్టాడు. అది మన సోమిదయే. కాచు నిచ్చే చండ్రచెట్టు శాస్త్రీయ నామంలోనూ 'చుండ్ర' అన్న మాట వినబడుతుంది. ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా ఈ చెట్ల ప్రస్తావన తెచ్చినప్పుడు, తనకు తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతాడు.

ఆ పేర్లు చెప్పినవారెవరు? బెరడు ఒలిచే కూలీలా, పశువులకు పసరు పోసే రైతులా, అద్దకం పనివారా, కొండల నుండి కట్టెలు తెచ్చే స్త్రీలా? గ్రంథంలో వారి పేర్లు లేవు. ఆ బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లూ లేవు. ఆకు ఈనెలను సైతం లెక్క తప్పకుండా చూపిన ఆ చేతులు ఎవరివో లోకానికి తెలియదు. మొక్కకు రెండు పేర్లు దక్కాయి. దానిని చూపినవారికి ఒక్కటీ దక్కలేదు.

రాక్స్‌బర్గ్ బాధ్యత స్వీకరించేనాటికి తోటలో సుమారు 300 రకాల మొక్కలుండేవి. అతడు 1813లో దేశం విడిచి వెళ్ళిన మరుసటి ఏడు, విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేసిన జాబితాలో అవి 3,500 వరకు ఉన్నాయి. అక్కడ కూడా అతడు చిత్రకారులను పోషించాడు. అలా పోగైన 2,500కు పైబడిన చిత్రాలకు ఒక ప్రతి ఇంగ్లండులోని క్యూ ఉద్యానంలోను, ఒక ప్రతి ఇక్కడను ఉన్నాయి. తోటలోని జాతీయ హెర్బేరియంలో ఎండబెట్టి భద్రపరచిన మొక్కల నమూనాలు దాదాపు 20 లక్షలు. ఇంత నిధిని కూడబెట్టడానికి పునాది వేసిన మనిషి కాపురమున్న ఇల్లు మాత్రం నది ఒడ్డున ఏళ్ళ తరబడి శిథిలమవుతూ ఉండిపోయింది. నిధిని దాచుకొని పెట్టె మూతను పారవేయడం మనకు కొత్త కాదు.

తోట నాశనమూ కొత్త కాదు. 1840 దశకంలో తాత్కాలికంగా అధికారం చేపట్టిన విలియం గ్రిఫిత్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు శాస్త్రీయంగా పునర్నిర్మిస్తానని బారులు తీరిన పాతచెట్లను కొట్టించాడు. 1848లో ఆ స్థితిని చూచి జోసెఫ్ హుకర్ విచారించాడు. 1864లో వచ్చిన తుఫాను సగానికి పైగా చెట్లను కూల్చింది. మూడేళ్ళకు మరొక తుఫాను మిగిలినవాటిని దెబ్బతీసింది. 1871లో వచ్చిన జార్జి కింగ్ చెరువులు త్రవ్వించి, బాటలు వేయించి, తోటకు నేటి రూపం ఇచ్చాడు. 2020 మే నెలలో అంఫన్ తుఫాను మళ్ళీ వందల చెట్లను పెకలించింది. ఒకరు నాటడం, ఒకరు నరకడం, గాలి పడగొట్టడం, మరల ఎవరో గుంట త్రవ్వడం ఆ తోట చరిత్ర.

తోటలో ఒక 'పిచ్చిచెట్టు' ఉంది. దాని ఆకులలో ఏ రెండూ ఒక్క ఆకారంలో ఉండవట! పిల్లలు క్రింద రాలిన ఆకులను ఏరి, జత దొరుకుతుందేమోనని సరిపోల్చి చూస్తారు. దానిని దాటి నడిస్తే మహావటవృక్షం వస్తుంది. సందర్శకులలో అధికభాగం దీనికోసమే వస్తారు. ఒక ఈతచెట్టు తలమీద పడిన విత్తనం నుండి ఇది మొలిచిందని చెప్పుకొంటారు. తుఫానులలో కొమ్మలు విరిగిన తరువాత మొదలుకు శిలీంధ్రం సోకగా, తక్కిన చెట్టును కాపాడడానికి 1925లో ఆ మొదలును తొలగించారు. అప్పటి నుండి నడిమి మొదలు లేకుండానే, మూడున్నర వేలకు పైగా ఊడల మీద ఆ చెట్టు నాలుగున్నర ఎకరాలకు మించి విస్తరించింది. చుట్టూ వేసిన బాటను సైతం అది దాటింది. అంఫన్‌లో కొంత భాగం కూలినా పెరుగుదల ఆగలేదు. క్రొత్త ఊడలు నేలను తాకేదాకా వాటిని వెదురుబొంగులలో నడిపించి, తోటమాలులు దారి చూపుతారు. చెట్టు తనంత తానుగా బ్రతుకుతున్నదని దూరం నుండి చూచేవారు అనుకొంటారు. దగ్గరకు వెళితే వెదురుబొంగు కనబడుతుంది.

తిరుగు బాటలో, పేరు రేకు ఊడిపోయిన చెట్టు క్రింద ఒక తోటమాలి ఆకులు ఊడుస్తూ ఉంటాడు. అది ఫాల్గుణ మాసం. పలుచని కాగితపు బిళ్ళలవంటి కాయలు గాలికి రాలి గడ్డిమీద పరచుకొని ఉంటాయి. తెలుగునాటి నుండి వచ్చిన విద్యార్థి ఆగి, ఇదేమి చెట్టని సైగలతో అడుగుతాడు. తోటమాలి ఒక ఆకు త్రుంచి, అరచేతిలో నలిపి, వాసన చూడమని చేయి చాస్తాడు. ఘాటుకు విద్యార్థి ముఖం చిట్లిస్తాడు. తోటమాలి నవ్వి, బెంగాలీలో దాని పేరు చెబుతాడు. పట్టుకొని పలుకుమన్నట్లు రెండవసారీ చెబుతాడు. తరువాత, మీ భాషలో దీనిని ఏమంటారని అడుగుతాడు.

విద్యార్థి తలెత్తి చెట్టువంక చూస్తాడు. ఎక్కడో చూచిన చెట్టే. ఊరి వెలుపల, చెరువుగట్టు మీద, తాతగారితో నడిచిన దారిలో. ఆయన దానికి ఏదో పేరు చెప్పేవారు. తోటమాలి చీపురు మీద చేయి ఆనించి, సమాధానం కోసం నిలుచుంటాడు.