సోమందేపల్లె నుంచి కువైట్ ఎంత దూరం?

వానలు మొహం చాటేసి శెనక్కాయ పంట వరసగా చేతికందకపోతే మా సోమందేపల్లె వైపు ఇళ్లలో పాస్‌పోర్టు మాట వస్తుంది. కువైట్‌కు ప్రయాణం ఖాయమైందంటే ఇంట్లో ఒకటే ప్రశ్న: "పిల్లోడు ఎంతసేపటికి చేర్తాడప్పా?"

టికెట్టు చూసి చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. కానీ టికెట్టు మీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. బెంగళూరులో ఉదయం ఏడింటికి ఎక్కి, అక్కడ తొమ్మిదిన్నరకు దిగుతాడని ఉంటే గాలిలో గడిచేది ఐదు గంటలు. అప్పటికి మన ఊళ్లో మధ్యాహ్నం పన్నెండు. ఆ లెక్క తెలియని తల్లి తొమ్మిదిన్నర నుంచే ఫోను చేతిలో పెట్టుకుని కుమిలిపోతుంది. ఆమెకు ఈ సంగతి ముందే విడమరిచి చెప్పడం, వెళ్లేవాడు చేయాల్సిన మొదటి పని.

బెంగళూరు నుంచి కువైట్‌కు గాలిదారి సుమారు 3,500 కిలోమీటర్లు. విమానాలు ఎగిరే ఎత్తున తరచుగా పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. పోయేటప్పుడు అవి ఎదురొస్తాయి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తాయి. అందుకే ఇంటికొచ్చే ప్రయాణం చాలాసార్లు తక్కువ సేపే పడుతుంది.

అయితే మాకు కువైట్ నిజంగా దగ్గరైంది ఆకాశంలో కాదు, నేల మీద. 2008 మే నెల దాకా విమానం ఎక్కాలంటే బెంగళూరు ఊరంతా దాటి హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయానికి పోవాలి. ఆ నెలలో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచారు. బెంగళూరువాళ్లకు అది ఊరికి దూరం. మాకు మాత్రం ఊరిలోకి అడుగుపెట్టే పనే లేకుండా, 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లలో ఎదురొచ్చింది. విమానం ఎగిరే దూరం అంతే ఉంది. ఇంటి నుంచి కువైట్ దాకా పట్టే పొద్దు తగ్గింది.

అంతకంటే దగ్గర పుట్టపర్తి ఉంది. 1990లోనే అక్కడ విమానాశ్రయం వచ్చింది. కానీ టికెట్టు కొని రోజూ ఎక్కే విమానం లేనప్పుడు, పక్కనున్న రన్‌వే కూడా మాకు దూరమే.

హైదరాబాదు లెక్కా ఇంతే. దేవనహళ్లి నుంచి శంషాబాదు విమానాశ్రయానికి గాలిదారి 450 కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం. కానీ దేవనహళ్లి చేరడానికి గంటన్నర పైన, రెండు గంటల ముందు హాజరు, దిగాక సామాను, నగరంలోకి ఇంకో గంట కలిపితే ఆరు గంటలకు తగ్గదు. అదే మా ఊరి మీదుగా పోయే రహదారిలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాదులో ఉంటాం.

అందుకే విమాన ప్రయాణాన్ని గడప నుంచి గడప దాకా లెక్కగట్టాలంటాను. గాలిలో ఐదు గంటలను మనం తగ్గించలేం. పెనుకొండ, సోమందేపల్లె, కొడికొండ జనం అర్ధరాత్రి విమానానికి కూడా భయం లేకుండా, అప్పు చేసి కారు మాట్లాడుకోకుండా, విమానాల వేళకు నడిచే బస్సులో చేరేటట్టు చేయగలం. కూలికోసం దేశం దాటే మనిషికి మనం తగ్గించగలిగిన దూరం అదే.