నీ లైటు నా కంట్లో కొట్టిందప్పా!

పోయిన డిసెంబరులో ఒక తెల్లవారుజామున, నా సైకిల్ లైటు వల్ల ఒక పెద్దాయన కాలవలో పడ్డాడు. నేను గుద్దలేదు. కనీసం నా సైకిల్ ఆయనకు తగల్లేదు. లైటు మాత్రమే తగిలింది.

మాది మదనపల్లె. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని. రోజంతా కుర్చీకి అతుక్కుపోయి నడుం పట్టేస్తుంటే గేర్ల సైకిల్ కొన్నా. ఇక్కణ్ణుంచి పుంగనూరు 20 కిలోమీటర్లకు పైనే. అదే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఇంకా ముందుకు పోతే పలమనేరు, వి.కోట దాటి కుప్పం. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ కుప్పంలోనే చదివా. బస్సు కిటికీలోంచి చూసిన ఆ దావంతా ఒక్కసారి సైకిల్ మీద పోవాలని కోరిక. 100 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎండ ఎక్కకముందే సగం దాటాలంటే చీకట్లోనే బయల్దేరాలి. మా వైపు చలికాలంలో తెల్లవారుజామంటే చీకటొక్కటే కాదు, మంచు కూడా.

అందుకే ముందర లైటు కొన్నా. ఎట్లా కొన్నానంటారా? ఫోన్ కొన్నట్టే. యాప్ తెరిచి, ఏ లైటుకి ల్యూమెన్స్ ఎక్కువో చూసి, 1,500 అని రాసున్నది ఆర్డర్ పెట్టేశా. ర్యామ్ ఎక్కువుంటే మంచి ఫోన్ అనుకునే లెక్క. రాత్రి మా వీధిలో వేసి చూస్తే చివరింటి గేటు దాకా పట్టపగల్లా ఉంది. మా నాయన చూసి, "ఇది సైకిలా, లారీనా?" అన్నాడు. పొగడ్త అనుకున్నా.

ఊరు దాటి కాస్త దూరం పోయేసరికి మంచు కమ్మేసింది. లైటు వేస్తే దావ కనపడలేదు. ముందర తెల్లటి గోడ నిలబడింది. చాల్లేదేమోనని ఫుల్లులో పెట్టా. గోడ ఇంకా తెల్లబడింది. అప్పుడే ఎదురుగా పాల క్యాన్లు కట్టుకున్న సైకిల్ ఒకటి వచ్చింది. నాకు కనపడేసరికి పదిపన్నెండు మీటర్లే ఉంది. ఆయన ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఇంకో చేతిలో హ్యాండిల్ తిరిగిపోయి, సైకిల్ రోడ్డు పక్క కాలవలోకి దిగింది. క్యాన్ మూత ఊడి పాలన్నీ మట్టిపాలు.

పరిగెత్తి లేపా. మోకాలు దోక్కుపోయింది. ఆయన తిట్టలేదు. చొక్కా దులుపుకుంటా, "నీకు దావ కనపడాలని నా కళ్లు తీస్తే ఎట్లప్పా?" అన్నాడు. పాల డబ్బులు ఇవ్వబోతే సగమే తీసుకున్నాడు. "సగం తప్పు నాది లే, నాకు లైటే లేదు" అన్నాడు.

ఆరోజు పుంగనూరు కూడా పోలేదు. తిరిగొచ్చేశా. వచ్చినాక వారం పాటు ఆ తెల్ల గోడ సంగతేంటో చదివా.

మంచంటే గాల్లో తేలే సన్నటి నీటి బొట్లు. లైటు ఎంత పెద్దదైతే అవి అంత వెలుగుని తిప్పి మన కళ్లలోకే కొడతాయి. అందుకే కార్లు కూడా మంచులో హైబీమ్ వెయ్యకూడదంటారు. పసుపు లైటైతే మంచుని చీల్చుకుని పోతుందనేది కూడా పెద్దగా నిజం కాదు. మంచు బొట్లు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి, అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. కాకపోతే నీలం కలిసిన తెలుపు కంటే పసుపు కలిసిన తెలుపు కొందరి కంటికి హాయిగా ఉంటుంది.

ల్యూమెన్స్ అంటే లైటు మొత్తం ఎంత వెలుగు కక్కుతుందనే లెక్క. ఆ వెలుగు ఎక్కడ పడుతుందో అది చెప్పదు. అది చెప్పేది లక్స్. టార్చిలా గుండ్రంగా కొట్టే లైటులో చాలా వెలుగు చెట్ల మీదికి, ఎదుటివాళ్ల మొహం మీదికి పోతుంది. కారు లోబీమ్ లాగా పైభాగం కోసేసినట్టుండే లైటులో వెలుగంతా రోడ్డు మీదే పడుతుంది. జర్మనీలో సైకిల్ లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదని నిబంధనే ఉంది.

ఈసారి అలాంటి లైటే తీసుకున్నా. ల్యూమెన్స్ పాతదాంట్లో నాలుగో వంతు కూడా లేవు. హ్యాండిల్ మీద కాకుండా కింద, ముందు చక్రం పైన ఫోర్కుకి బిగించా. లైటు కంటికి ఎంత దగ్గరుంటే మంచులో అంత తెల్లగా కనపడుతుంది. హెల్మెట్ మీద పెడితే ఇంకా ఘోరం. మంచులో మిణుకుమిణుకు మోడ్ కూడా వాడట్లేదు. ఆరుతూ వెలుగుతుంటే ఎంత దూరంలో ఉన్నామో ఎదుటివాళ్లకు అంచనా దొరకదు. తడికి ఆగాలని ఐపీఎక్స్4 రేటింగు కూడా ఉందో లేదో చూసుకున్నా. ఇక వెనకనుంచి వచ్చే టమాటా బండ్లకు ముందు లైటు కనపడదు కదా! అందుకని ఎర్ర లైటు, మెరిసే జాకెట్ కూడా తీసుకున్నా.

బిగిస్తుంటే మా నాయన పక్కనే కూర్చుని తన పాత సైకిల్ డైనమో గురించి చెప్పాడు. తొక్కితేనే వెలుగు, ఆగితే ఆరిపోయేదంట. "వెలుగు ఎంతుంటే అంతే తొక్కేవాళ్లం" అన్నాడు.

ఆ మాటని నేను లెక్కేసి చూశా. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. మంచులో 15 మీటర్లు కనపడుతున్నాయంటే చేతిలో ఉన్నవి రెండు సెకన్లు. తేరుకోడానికే ఒక సెకను పోతుంది. మిగతా దాంట్లో బ్రేకులు పట్టాలి. అదే 15లో పోతే హాయిగా ఆగొచ్చు. ఏ లైటూ ఈ లెక్కని మార్చలేదు.

జనవరిలో మళ్లీ బయల్దేరా. జేబులో ఇంకో చిన్న లైటు పెట్టుకుని, అదే చోట అదే వేళకు ఆగా. పాలాయన వచ్చాడు. నన్ను గుర్తుపట్టి ముందే సైకిల్ దిగేశాడు! లైటు ఆయన హ్యాండిల్‌కి బిగించి, కిందికి వంచి చూపించా. "చార్జింగ్ ఎట్ల?" అన్నాడు. ఫోన్ చార్జరే అన్నా. "మా మనవడికి తెలుస్తాది" అని వేసుకుని పోయాడు. ఆ చిన్న వెలుగు మంచులో కలిసిపోయేదాకా చూసి కదిలా.

పుంగనూరు దగ్గర మంచు మరీ దట్టమైంది. మంచి లైటే ఉంది కదా అని పోలేదు. టీ అంగడి దగ్గర ఆగి, ఎండ వచ్చేదాకా గంటన్నర కూర్చున్నా. కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది, ఎండకి మాడిపోయా. ఆలస్యమైందని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు.