న్యాయస్థానమునకు పోవునప్పుడు

కృష్ణా తుంగభద్రల నడుమనుండు మా నడిగడ్డలో కోర్టు మెట్లెక్కుట నేటికిని పరువు తక్కువ పనియని తలచువారు గలరు. సాక్షిగా పిలువబడినవాడు సైతము సమను చేతబట్టుకొని నేరస్థునివలె తలవంచుకొనును. ఆ భయమును ఒకప్పుడు నేనును పెంచితిని. ఆ తప్పు చెప్పుకొనుటకే ఈ వ్యాసము.

కొన్నేండ్ల క్రిందట మా యూరి వృద్ధకర్షకుడొకడు, పొలముగట్టు తగవులో సాక్ష్యమునకు పిలుపు రాగా నాకడకు వచ్చి, “పంతులూ, ఏమి కట్టుకొని పోవలె?” నని యడిగెను. నేను మిక్కిలి తెలిసినవానివలె, “తలపాగ వలదు, భుజముమీద తువ్వాల వలదు, చెప్పులు వాకిటనే విడువుము, చేతులు కట్టుకొని నిలువుము” అని బోధించి, తోడుగా పోయితిని.

బోనులో నతడు నిలిచిన తీరు మరవలేను. ఏండ్లతరబడి భుజముననున్న వస్త్రము లేకపోవుటచే చేతులకు చోటు దొరకలేదు. వాది వకీలు అడిగినను “చిత్తం”, ప్రతివాది వకీలు అడిగినను “చిత్తం” అనుచుండెను. ఆ యొక్కమాటచే ఒకని పొలము పోవలసియుండెను. మాటిమాటికి భుజము తడవుకొనుట చూచి న్యాయాధిపతి, “ఏమి వెదకుచున్నావు పెద్దయ్యా?” అనిరి. “తువ్వాల, దొరా!” “తెచ్చి వేసికొనుము. ఇక్కడ దొర లెవరును లేరు.”

తువ్వాల వేసికొని వచ్చినవాడు వేరొక మనిషి. “ఆ రాయి తూరుపు గట్టుమీద నా చేత్తో పాతిన” అని నిటారుగా నిలిచి చెప్పెను. వెనుక బల్లమీద కూర్చున్న నేనే తలవంచుకొంటిని.

నా బోధ యెక్కడిది? పెద్దలనుండి వచ్చినది. గద్వాల, వనపర్తి, కొల్లాపురము రాజధానిగానుండిన జటప్రోలు, ఇవన్నియు నిజాము క్రింది సంస్థానములు. హైదరాబాదు దర్బారునకు పోవు ప్రముఖుడు తలకు దస్తారు, నడుమునకు బగ్లూసు పట్టీ ధరింపవలెను. పల్లెలో దొర గడీముందు నడచు రైతో, చెప్పులు చేతబట్టి, భుజముమీది తువ్వాల దింపవలెను. ఒకడు ధరించుటయు, ఒకడు విప్పుటయు ప్రభువు నెదుట తన తావు నెరుగుటకే. 1949లో జాగీర్లు రద్దయ్యెను. వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ వెలసెను. కొలువులు పోయినవి గాని కొలువుభయము మన మనసులను వీడలేదు.

నల్లకోటు, తెల్లని మెడపట్టీ న్యాయవాదులకు విధించినవి. వేసవిలో క్రింది కోర్టులయందు వారికి సైతము కోటు తప్పనిసరి కాదు. కక్షిదారులకు, సాక్షులకు అట్టి దుస్తుల నియమము లేదు. సంబోధన విషయమున బార్ కౌన్సిల్ 2006లోనే, క్రింది కోర్టులలో “సార్” అనియో, దేశభాషలో సమానమగు మాటయో చాలునని తెలిపినది. మనకు “అయ్యా”, “అమ్మా” యున్నవి.

2022 జూన్ 2 నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు వేర్వేరు జిల్లా న్యాయస్థానము లేర్పడినవి. జిల్లాకోర్టు పనికి మహబూబునగరము పోనక్కరలేదు. కావున మర్యాద యేదో, దాస్యమేదో మన యిండ్లలో తెలిసియుండవలెను.

ఉతికిన బట్ట కట్టుడు. కాలికి చెప్పు లుండనిండు. పిలుపునకు ముందే చేరుడు. సెల్‌ఫోను నోరు కట్టివేయుడు. న్యాయాధిపతి వచ్చినప్పుడు లేచి నిలువుడు. బల్లలమీదనుండి సాక్షికి సైగ చేయకుడు. ప్రశ్న యర్థము కానిచో మరల అడుగుమనుడు. తెలియనిచో “తెలియదు” అనుడు, అదియు సత్యమే. సాక్షిని అవమానించుటకే వేయు ప్రశ్నను వారించుమని న్యాయస్థానమునకు చట్టమే చెప్పుచున్నది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఆ రక్షణ నిలిచియున్నది.

ఆ వృద్ధుడు నేడు లేడు. మొన్న పొరుగింటి కోడలు సమను తెచ్చి, “పెండ్లినాటి గద్వాల పట్టుచీర కట్టుకోవలెనా మామా?” అని యడిగెను. “వలదమ్మా. బిడ్డ చదువు సంగతి అడుగుటకు బడికి పోవునప్పుడు ఏ చీర కట్టుదువో, అదే కట్టుము” అంటిని.