పిక్కల కాలంలో ఫెలోషిప్

ఉద్దానంలో క్రియాటినిన్ ఇంటింటి మాట. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఏ వూరి అరుగు మీద కూర్చున్నా "మీ ఆయనకి క్రియాటిన్ ఎంతకొచ్చింది?" అని ఆడవాళ్ళు ఒకర్నొకరు అడుగుతుంటారు, కూర ఏం వండావని అడిగినంత మామూలుగా. అక్షరం రాని అవ్వ కూడా రిపోర్టులో ఆ అంకె ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపిస్తుంది. ఇంత తెలిసిన చోట నుంచి పరిశోధకురాలు ఎందుకు రాదు? టెక్కలిలో చాలా ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెబుతున్నాను. ఈ ప్రశ్న నన్ను వదలదు.

షుగరూ బీపీ లేనివాళ్ళకీ వచ్చే ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ తేలలేదు. రెండు దశాబ్దాలకు పైగా విశాఖ కెజిహెచ్ వైద్యులు, ఐసీఎంఆర్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్, 2017లో హార్వర్డ్ నిపుణులు, ఇలా ఎందరో వచ్చి చూశారు. నీళ్ళు, మట్టి, పురుగుమందులు, ఎండ, జన్యువులు అన్నిటి మీదా అనుమానమే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రీ, దానితోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకం వచ్చింది. డయాలిసిస్ రోగులకి పింఛనుంది. ఇవన్నీ మా వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగి సాధించుకున్నవే, కాదనను. నేను వెతికేది ఇంకో పద్దు. ఆ పరిశోధన కేంద్రంలో మైక్రోస్కోపు ముందు కూర్చోవడానికి ఇక్కడి పిల్లని తయారుచేసే పద్దు.

నా విద్యార్థిని ఒకమ్మాయి గురించి చెప్పాలి. మత్స్యకార కుటుంబం. తండ్రికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. తల్లి పలాసలో జీడిపప్పు పొట్టు తీస్తుంది. పిక్క కొట్టే పని కూడా చేసిన చేతులు, జీడి రసానికి వేళ్ళ చివర చర్మం నల్లబడి పొరలు లేచిపోయింది. ఈ అమ్మాయి బీఎస్సీ చదువుతూ ఒక సర్వేలో రోజుకూలికి పనిచేసింది. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడం, మూత్రం సీసాల మీద నంబర్లు అంటించడం. ఒకరోజు నా దగ్గరికి వచ్చి అంది: "మేడమ్, రోజుకి ఎన్ని గ్లాసులు నీళ్ళు తాగుతారని అడగమన్నారు. ఎందుకు తాగరో అడగమనలేదు." వాళ్ళమ్మ పనిచేసే చోట ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. పొద్దున్న గుక్కెడు తాగితే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. కాగితంలో ఆ జవాబుకి గడి లేదు.

ఆమె ప్రశ్నలో జబ్బు మూలం దొరుకుతుందని నేననడం లేదు. నికరాగువా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బు మీద పనిచేసినవాళ్ళు ఎండనీ, ఒంట్లో నీరు తగ్గడాన్నీ అనుమానించారు. అక్కడ ఒక పల్లెకి వితంతువుల దీవి అనే పేరే వచ్చింది. ఆడవాళ్ళ నీళ్ళకీ మరుగుదొడ్డికీ వున్న సంబంధం తల్లి చేతులు చూస్తూ పెరిగిన పిల్లకి తట్టింది. అలాంటి ప్రశ్న ప్రయోగశాలదాకా చేరాలంటే దాన్ని మోసుకెళ్ళే మనిషి కావాలి.

పిల్లకి వేసవిలో ఒక పెద్ద నగరంలో రెండు నెలల పరిశోధన శిక్షణకి అవకాశం వచ్చింది. ఏప్రిల్, మే. అవి మాకు పిక్కల నెలలు, ఇంటిల్లిపాదీ తోటల్లో వుండాల్సిన కాలం. ఆమె వెళితే ఒక కూలి పోతుంది, తండ్రిని ఆస్పత్రికి తీసుకెళ్ళే తోడూ పోతుంది. స్టైపెండ్ ఇస్తారు, అయితే శిక్షణ పూర్తయ్యాక. హాస్టల్ అడ్వాన్సు మాత్రం ముందే కట్టాలి. నేనూ మరో ముగ్గురు లెక్చరర్లూ చందాలేసుకుని టిక్కెట్టు కొన్నాం. వాళ్ళమ్మ ఒప్పుకోవడమే నాకు ఆశ్చర్యం. "రగతం అట్టుకెల్లినోల్లు మల్లీ రానేదు మేడమ్. ఏటి తేలిందో సెప్పనేదు. మా గుంట ఎల్తే వొచ్చి సెప్తాది కదా" అంది.

సీఎస్‌ఐఆర్ నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు. మా వూళ్ళో అది పెద్ద డబ్బే. అది ఎమ్మెస్సీ దాటిన తర్వాతి మాట. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో వుంటుంది. మైనారిటీ పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని 2022లో ఆపేశారు. అమెరికాలోనూ వెనకబడిన వర్గాల పిల్లలకి పరిశోధన నేర్పే ఎన్‌ఐహెచ్ పథకాలు కొన్ని 2025లో రద్దయ్యాయి. పెళ్ళీ కాన్పులతో చదువు ఆగిన స్త్రీలకోసం మన కేంద్ర ప్రభుత్వం రెండువేల దశకం మొదట్లోనే మహిళా శాస్త్రవేత్తల పథకం పెట్టింది. మంచి పనే. కానీ అసలు మొదలే కాని చదువుకి విరామం ఎక్కడ చూపించాలి?

ధర్మం అనే మాట మీద నాకు పెద్ద గౌరవం లేదు. అయినా యల్లాప్రగడ సుబ్బారావుని తలచుకోకుండా వుండలేను. భీమవరంలో పుట్టిన ఆయన 1920లలో అమెరికా వెళ్ళడానికి మామగారితోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. ఆ నాయకర్ కోరంగిలో పేద మత్స్యకార కుటుంబంలో పుట్టి, రంగూన్ వెళ్ళి సంపాదించినవాడు. సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మా డయాలిసిస్ రోగుల రిపోర్టుల్లో క్రియాటినిన్‌తోపాటు ఫాస్ఫరస్ కూడా వుంటుంది. మత్స్యకారుడి డబ్బు బ్రాహ్మణ యువకుణ్ణి బోస్టన్ చేర్చింది. మత్స్యకార పిల్లని చేర్చే డబ్బు ఎవరిది?

ఆ అమ్మాయి శిక్షణ పూర్తిచేసి, ఎమ్మెస్సీ కూడా అయిందనిపించింది. ఇప్పుడు కాశీబుగ్గలో ఒక ప్రైవేటు ల్యాబులో పొద్దుట్నించీ రాత్రిదాకా క్రియాటినిన్ పరీక్షలు చేస్తోంది. తండ్రి పోయాడు. నెట్ ఒకసారి తప్పింది, మళ్ళీ కట్టింది. రాత్రిళ్ళు ఫోన్ చేసి ఇంగ్లీషు ప్రశ్నలకి అర్థం అడుగుతుంది.

ఈ యేడు వేసవి శిక్షణకి మరో ముగ్గురు అమ్మాయిలు దరఖాస్తు పెట్టారు. ఒకమ్మాయి మందస కొండల మీది సవర పిల్ల. ఈసారి టిక్కెట్లూ హాస్టల్ అడ్వాన్సూ కాక, రెండు నెలల పిక్కల కూలి కూడా లెక్క కట్టి కాలేజీ వాళ్ళకి కాగితం ఇచ్చాను. చందాలు ఎన్నాళ్ళని వేసుకుంటాం? "కూలికి ఏ పద్దు కింద ఇవ్వాలి మేడమ్?" అని గుమస్తాగారు అడిగారు. శిక్షణ ఖర్చు అని రాయమన్నాను.