ఒప్పుదల

హైదరాబాదునకు ఉత్తరముగా, కరీంనగరు పోవు రహదారిపై శామీరుపేట అను ఊరు కలదు. అచ్చటి పెద్ద చెరువును చూచుటకు సెలవుదినములందు నగరవాసులు వచ్చుచుందురు. న్యాయశాస్త్రము బోధించు నల్సార్ విశ్వవిద్యాలయము అచ్చటనే ఉన్నది. ఇవి అందఱు ఎఱిగిన సంగతులు. కాని డెబ్బది యేండ్ల క్రిందటనే ఈ యూరి కథ లండను నగరమున గ్రంథరూపమున అచ్చయినదని మా ప్రాంతపు బాలబాలికలలో చాలమందికి తెలియదు.

ఆ గ్రంథము పేరు ‘ఇండియన్ విలేజ్’. దానిని రచించినవారు శ్యామచరణ్ దూబే గారు. వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున అధ్యాపకులుగా ఉన్న కాలమున, 1951-52 సంవత్సరములలో, విశ్వవిద్యాలయము వారి సాంఘిక సేవా కార్యక్రమము క్రింద వైద్యము, వ్యవసాయము, పశువైద్యము మొదలగు శాఖలవారితో కూడి శామీరుపేటలో పనిచేసిరి. ఊరి కులములు, వృత్తులు, పండుగలు, కుటుంబములలోని మమతలు, తగవులు, అన్నియు అడిగి తెలిసికొని వ్రాసిరి. 1955లో పుస్తకము వెలువడెను.

నేను దానిని నడివయసున చదివితిని. చదువునప్పుడు ఒక సంగతి నా మనస్సున నాటుకొనెను. అందు ఊరి పేరు దాచబడలేదు. మైసూరు సీమలోని ఒక గ్రామమును గూర్చి వ్రాసిన ఎం. ఎన్. శ్రీనివాస్ గారు ఆ యూరికి ‘రాంపుర’ అని మాఱుపేరు పెట్టిరి. మా శామీరుపేట మాత్రము శామీరుపేటగానే నిలిచెను. పెద్దలెట్లు బ్రదికిరో తెలిసికొనుటకు నేడు మాకొక ఆధారము దొరకినది గదా అని సంతోషించితిని. ఆ వెనువెంటనే మఱియొక తలంపు కలిగెను. తమ యింటి మాట, తమ కులపు మాట పరదేశమున ఆంగ్లమున అచ్చగునని ఆనాడు చెప్పినవారికి తెలిసియుండునా? చెప్పినవారిలో ఎందఱు ఆ పుస్తకమును చదువగలిగిరి? నాటి సాంఘిక పరిశోధనలలో ఒప్పుదల పత్రములు వ్రాయించుకొను ఆచారము లేదు. కావున దూబే గారిని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని ప్రశ్న ప్రశ్నగానే ఉన్నది.

మనుష్యుల మాటలను సేకరించుట మంచిపనియే. తెలుగు చదివినవాడను, దానిని కాదనలేను. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, సవరలను తమ యింట నుంచుకొని వారి భాషను నేర్చిరి. దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. అంతటితో ఊరకుండక సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పాటుపడిరి. పుచ్చుకొన్నదానికి బదులిచ్చుట అనగా అది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటమును భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదములతో కూర్చిరి. నాగలి చెక్కకు, కాడిమేకుకు ఏ జిల్లా రైతు ఏమందురో అందు చూడవచ్చును. రైతులు నోరు విప్పి చెప్పకున్నచో ఆ మాటలు వారితోనే పోయెడివి.

అంతకు పూర్వము గ్రియర్సన్ దొర ఆధ్వర్యమున జరిగిన భారత భాషా పరిశీలనలో భాగముగా, 1913 మొదలు సుమారు పదునాఱేండ్లపాటు మన దేశభాషలను గ్రామఫోను పలకలపై పట్టిరి. చాలమందిచేత ఒకే కథను, బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను చెప్పించిరి. ఆ పలకలు బ్రిటిష్ లైబ్రరీకి చేరినవి. నేడు ఇంటిలో కూర్చుండి కంప్యూటరులో వానిని వినవచ్చును! ఆనాడు గొట్టము ముందు నిలువబడి పలికినవారికి ఇది కలలోనైన తోచునా? గొంతు ఒకసారి పెట్టెలో పడినచో అది ఏ కాలమునకు, ఏ దేశమునకు పోవునో పట్టినవానికే తెలియదు.

తెలియకుండ పట్టువారును కలరు. 1962లో అమెరికాలో విలియం లెబావ్ అను భాషాశాస్త్రజ్ఞుడు న్యూయార్కులోని మూడు పెద్ద దుకాణములకు పోయి, నాల్గవ అంతస్తులో దొరకు వస్తువు ఎక్కడ దొరకునని పనివారిని అడిగెను. వారు ‘ఫోర్త్ ఫ్లోర్’ అని బదులు చెప్పుచుండిరి. ఆ రెండు మాటలలో రేఫను పలుకుచున్నారా, మ్రింగుచున్నారా అనునదే ఆయనకు కావలసినది. ప్రక్కకు పోయి గుర్తు వ్రాసికొనెను. ఇట్లు 264 మందిని అడిగెను. పేరు వ్రాయలేదు, గొంతు పట్టలేదు. ఇందు దోషమున్నదని నేననను, ఉపాయము చక్కనిదే. కాని పిల్లవాని యింటి భాష యేది, వాడు తన్ను తానేమని చెప్పుకొనును అను ప్రశ్నలను ఇట్లు చాటుగా అడుగుటకు వీలులేదు.

2017లో నేను మేడ్చల్ సమీపమున ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా ఉంటిని. ఆ ప్రాంతపు బడులలో భాషల సంత యుండును. నాగపూరు రహదారికి ఇరుప్రక్కల కర్మాగారములు పెరిగినకొలది ఒరిస్సా, బీహారు రాష్ట్రముల కూలీలు కుటుంబములతో వచ్చి చేరిరి. ఉర్దూ మాటలాడు ఇండ్లు పూర్వమునుండియు ఉన్నవి. తండాలనుండి లంబాడీ పిల్లలు వత్తురు. అందఱును బడిలో తెలుగే మాటలాడుదురు. ఇంటిలో మాటలాడునది వేఱు.

ఇద్దఱు పరిశోధకులు ఒకనాడు వచ్చి, తొమ్మిదవ తరగతి పిల్లలతో ముచ్చటించి ధ్వనిముద్రణ చేసికొందుమనిరి. ఇంటిలో ఏ భాష, స్నేహితులతో ఏ భాష, కోపము వచ్చినప్పుడు ఏ భాష, ఎవరైన ‘నీవెవరవు’ అన్నచో ఏమందువు, ఇట్టివి వారి ప్రశ్నలు. ప్రశ్నలు నాకు నచ్చినవి. కాని వారు తెచ్చిన పత్రము ఆంగ్లమున ఉండెను. క్రింద సంతకమునకు ఒకే గీత. “మీరు చేవ్రాలు చేసిన చాలును, సార్. పిల్లలందఱి తరఫున అది సరిపోవును” అనిరి.

“అయ్యా, బడి తాళపుచెవులు నా యొద్ద ఉన్నవి, పిల్లల గొంతులు లేవు. పత్రమును తెలుగులో, ఉర్దూలో వ్రాయించుకొని రండి” అంటిని. కొంత చిన్నబుచ్చుకొనిరి గాని పది దినములలో తిరిగి వచ్చిరి. మంచివారే. ఆ పత్రమును తరగతిలో బిగ్గరగా చదివించితిని. చదువు ముగిసినదో లేదో ప్రశ్నలు మొదలయ్యెను.

“సార్, మా బాపుకు సంతకం రాదు. ఏలిముద్ర ఏస్తే నడుస్తదా?”

“నా గొంతు ఎవలెవలు ఇంటరు? మా కిలాసోల్లు గూడ ఇంటరా?”

“ఇయ్యాల సరే అని రేపు వద్దంటే ఏం జేస్తరు?”

ఈ మూడవ ప్రశ్నకు పరిశోధకులలో చిన్నవయసు ఆమె కొంత ఆలోచించి, “వద్దన్న భాగమును తుడిచివేయుదుము” అనెను. అట్లయినచో ఆ మాటయు పత్రములో వ్రాయుడని నేనంటిని. అక్కడికక్కడే చేతితో వ్రాసిరి.

వెనుక బల్లనుండి ఒక పిల్లవాడు లేచి, “మేం మాట్లాడేది మంచి తెలుగు గాదు గద సార్, దీన్నెందుకు పట్టుకపోతరు?” అనెను. కొందఱు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఎన్ని పాఠ్యపుస్తకములు, ఎన్ని చలనచిత్రములు కలిసి ఆ మాటను వాని నోట పెట్టినవో! కాళోజీ జన్మదినమగు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినముగా 2014 నుండి జరుపుచున్నారు; వీడు ఆ దినమున దండ వేసినవాడే. ఐనను తన మాట చెడ్డదను బెరుకు పోలేదు. వచ్చినవారు వినదలచినది ఆ బెరుకునే. దానిని చెప్పవలెనో వలదో వాడే తేల్చుకొనవలెను.

చట్టము మాట కొంత చెప్పవలెను. మన దేశమున 18 ఏండ్లు నిండనివారిని బాలలుగానే ఎంతురు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము బాలల సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెనని చెప్పుచున్నది. పరిశోధనలకు అందు కొన్ని మినహాయింపులును కలవు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. తల్లిదండ్రుల సమ్మతి ఉన్నను, ఏడు మొదలు పన్నెండేండ్ల వఱకు గల పిల్లల నోటిమాటయు, పన్నెండు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు గలవారి వ్రాతపూర్వకమగు ఒప్పుదలయు తీసికొనవలెనని వానిలో ఉన్నది. అవి వైద్య పరిశోధనలకై వ్రాసినవి. ఐనను గొంతును పట్టుట రక్తము తీయుటకంటె తక్కువ పనియని నాకు తోచదు. కొద్దిపాటి ధ్వనిముద్రణనుండి మనిషి గొంతును అనుకరించు యంత్రములు వచ్చిన ఈ కాలమున అసలే తోచదు.

చట్టము చెప్పనిది ఒకటి కలదు. బడిలో ప్రధానోపాధ్యాయుడు ఎదుట నిలిచి “ఇష్టము లేనివారు చేయెత్తుడు” అన్నచో ఎవడెత్తును? నేను, తరగతి పంతులు, పరిశోధకులు అందఱము వెలుపలికి వచ్చితిమి. పిల్లలు చీటీలపై ‘సరే’ అనియో ‘వద్దు’ అనియో వ్రాసి, పేరు పెట్టి, సుద్దముక్కల డబ్బాలో వేసిరి. పదునొకండు చీటీలు ‘వద్దు’ అనినవి. ఒప్పుకొన్నవారికి ఇచ్చుటకు పరిశోధకులు కలములు తెచ్చియుండిరి. కలము కొఱకు ఒప్పుకొనుట ఒప్పుదల కాదు. ఇచ్చిన అందఱికి ఇయ్యుడు, లేదా ఎవరికిని వలదంటిని. అందఱికి ఇచ్చిరి.

‘వద్దు’ అన్నవారిలో ఒకని తండ్రి అప్పటికే పత్రముపై వ్రేలిముద్ర వేసి పంపియుండెను. “తండ్రియే ఒప్పుకొన్నాడు గదా, ఒకమాటు నచ్చజెప్పరాదా?” అని పెద్ద పరిశోధకుడు నన్నడిగెను. చెప్పనంటిని. ఆ బాలుని యింటి భాష యేదో, వాడేల వద్దన్నాడో తరువాత నాకు తెలిసినది. దానిని ఇక్కడ వ్రాయను, వానిని అడుగలేదు.

దీనికి ఎదురైనది ఇంకొక యింట జరిగెను. బాలిక ‘సరే’ అని పెద్ద అక్షరములతో వ్రాసెను. తల్లి బడికి వచ్చి, “ఆడపిల్ల గొంతు సారూ, ఎక్కడెక్కడ తిరుగుతదో, ఏమో. నేనైతే ఒప్పుకోను” అనెను. ఆ పిల్ల రెండు దినములు నాతో మాటలాడలేదు. ఆమెకు చెప్పవలసినది చాల ఉండెనని నేనెఱుగుదును. చక్కగా చెప్పగలదు కూడ. ఐనను తల్లి మాటను దాటుటకు వీలులేదు. ఈ నియమము అన్ని వేళల న్యాయముగానే ఉండునని నేననజాలను.

తండానుండి వచ్చు ఒక బాలిక ముప్పావు గంటసేపు మాటలాడెను. లంబాడీ మాటలాడువారు 2011 జనాభా లెక్కలలో 30 లక్షలకు మించి ఉన్నను, ఆ లెక్కలలో వారి భాషను హిందీ క్రింద చేర్చిరి. ఈ సంగతి పరిశోధకులు చెప్పగా ఆమె ఆశ్చర్యపడి, “మాది హిందీ ఎట్లయితది?” అని తన నాయనమ్మ మాటలు, పాటలు వరుసగా వినిపించెనట. ఆ వేడిలో, తన పలుకుబడిని వెక్కిరించిన తోటి పిల్లల పేర్లును చెప్పివేసెను.

నెల గడచిన పిదప ఆమె నా గదికి వచ్చి, “ఆ పేర్లు తీసెయ్యుమనుండ్రి సార్. వాళ్లిప్పుడు నాతోని మంచిగుంటున్నరు. పాటలుండనియ్యుండ్రి” అనెను. పత్రములో చేతితో వ్రాసిన వాక్యమును ఎత్తి చూపుచు నేను ఉత్తరము వ్రాసితిని. బదులు రాలేదు. మరల వ్రాసితిని. రెండవ ఉత్తరమునకు మూడు వారముల పిమ్మట జవాబు వచ్చెను: ఆ భాగమును తొలగించితిమి, ప్రతులలోను లేదు, పాటలు ఉన్నవి అని. ఉత్తరము నా పేర వచ్చినను ఆ బాలికకే ఇచ్చితిని. ఆమె నిలువబడియే రెండు మాఱులు చదివి, మడిచి, సాంఘికశాస్త్ర పుస్తకములో పెట్టుకొని తరగతికి పోయెను.